పిలవని డ్రమ్ము

శవం కంటే ముందు బొద్దింకలే కనిపించాయి.

గోడ మీద ఒకటి. స్విచ్‌బోర్డు మీద ఒకటి. ట్యూబ్‌లైటు పట్టీ మీద రెండు. గాజు తొట్ల మీద, తలుపు మీద, మేత డబ్బాల మీద, ఎవరి దారి వాళ్ళదే అన్నట్టు విడివిడిగా తిరుగుతున్నాయి. వంటిళ్ళలో ఉండే ఆ చిన్న గోధుమరంగు జాతి.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సర్వీసులో చాలా శవాలు చూశాడు. కుళ్ళినవి, కాలినవి, నీళ్ళలో నానినవి. వేటికీ చలించలేదు. బొద్దింకను చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. భయం కాదు, అసహ్యం. ఆ రెండింటికీ తేడా ఉందని పెళ్ళయిన నాటి నుంచీ భార్యకు చెబుతున్నాడు. ఆవిడ ఇప్పటికీ నమ్మలేదు.

"ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి సార్," అన్నాడు కానిస్టేబుల్.

దోపుకున్నాడు. పరువు కంటే పిక్కలు ముఖ్యం.

అది అక్వేరియం షాపు వెనకగది. టైము ఉదయం ఏడూ ఇరవై. ఇనుప స్టాండ్ల మీద చేపల తొట్లు. నేల మీద వెల్లకిలా షాపు ఓనరు, అరవై దాటిన మనిషి. బజారంతా ఆయన్ను చేపలాయన అంటారు. తల వెనక దెబ్బ. స్టాండు అంచుకు కాస్త రక్తం. పక్కన ఓ పెద్ద నీలం డ్రమ్ము దొర్లి పడి ఉంది. దాని నోట్లోంచి కోడిగుడ్ల అట్టలు బయటికి జారాయి.

"ఇన్ని బొద్దింకలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"ఆ డ్రమ్ములోంచే సార్. పెంచుతున్నాడు."

"పెంచడమేమిటి?"

"పెద్ద చేపలకు మేత సార్. బయట పట్టినవాటికి మందు కొట్టి ఉంటారు, తింటే చేప చస్తుంది. అందుకని సొంతంగా పెంచుతారట. ఆ గుడ్ల అట్టలే వాటికి ఇళ్ళు."

ఇన్‌స్పెక్టర్ అట్ట ఒకదాన్ని లాఠీతో తిరగేశాడు. ఖాళీ. రెండోదీ ఖాళీయే. గుంటల్లో నల్లటి రెట్ట మాత్రం మిరియాల పొడి చల్లినట్టు ఉంది. ఆ పూట నుంచి ఆయన మిరియాలు మానేశాడు.

"శవాన్ని తిప్పండి."

ఇద్దరు పట్టుకుని తిప్పారు. వీపు కనపడలేదు. ఉన్నవన్నీ బొద్దింకలే. మెడ నుంచి నడుము దాకా, చొక్కా రంగు తెలియనంత దట్టంగా, ఒకదాని మీద ఒకటెక్కి ముద్దగా కదులుతున్నాయి. వెలుతురు తగలగానే చెదిరాయి. అంతలోనే మళ్ళీ చొక్కా మీదికే ఎగబాకాయి.

ఫొటోగ్రాఫర్ బయటికి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ పరిగెత్తలేదు. ప్యాంటు ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు, అంతే.

"జేబులో షాపు తాళంచెవి ఉంది సార్. వెనకతలుపు లాగితే దానంతటదే పడిపోయే తాళం. తాళంచెవులు రెండే. రెండోది కూతురి దగ్గర. పొద్దున తెరిచింది, చూసింది ఆమే."

"కళ్ళజోడు?"

"ఎవరిది సార్?"

"చెవుల మీద గుంటలు చూడు. ముక్కు మీద మచ్చలు చూడు. ఈయనకు కళ్ళజోడుంది. ఏది?"

గదంతా వెతికారు. తొట్లలో చేతులు పెట్టి కూడా వెతికారు. లేదు.

*

కూతురు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ముప్పై లోపు. తల్లి లేదు. తండ్రితో పాటు ఈ షాపే ఆమె బతుకు.

ఆమె పక్కన మెట్టు మీద ఓ పెద్దమనిషి. పక్కకొట్టు బేకరీ ఆయన, బడి పిల్లలకు బన్నులు పంపేదీ ఈయనే. ఇద్దరి వెనకతలుపులూ ఒకే వరండాలోకి ఎదురెదురుగా తెరుచుకుంటాయి. ముప్పై ఏళ్ళ స్నేహం. ఆమె భుజం మీద చెయ్యేసి, "ఏడవకు తల్లీ, రాత్రి నుంచీ ఏమీ తినలేదు, ఇది నోట్లో వేసుకో," అంటూ బన్ను తుంచి తినిపిస్తున్నాడు. పోలీసులకు కూడా ఒక అట్టపెట్టె నిండా బన్నులు, ఫ్లాస్కుతో టీ తెచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ ఒకటి తీసుకున్నాడు. వేడిగా ఉంది, మెత్తగా ఉంది. లోపల చూసొచ్చినదాన్ని మరిపించేలా ఉంది. ఇంకోటి తీసుకున్నాడు.

"నిన్న షాపులోంచి ఎన్నింటికి వెళ్ళారమ్మా?"

"ఎనిమిదింపావుకి."

"అప్పటికి మీ నాన్న?"

"బానే ఉన్నాడు. మేతలు పెట్టి వస్తానన్నాడు. నేను నిద్రపోయా. పొద్దున చూస్తే మంచం ఖాళీ."

"నిన్న ఇద్దరూ గొడవపడ్డారా?"

ఆమె బేకరీ ఆయన వైపు చూసి, తల దించుకుంది.

"పడ్డాం. పళ్ళ డాక్టరు గారు బాగుచేయమని మా దగ్గర వదిలిన చేప గురించి. ఆ వెండి చేపకు పొట్ట వాచింది. నీళ్ళలో మందు కలిపితే పనిచేయలేదు. నెలరోజులుగా బొద్దింకల మేతలో యాంటీబయాటిక్ కలిపి, ఆ బొద్దింకల్నే చేపకు వేస్తున్నా. నాన్నకిష్టం లేదు. జీవాలన్నిటికీ మందు తాగిస్తావేంటే అని తిట్టాడు."

"మీ నాన్నకు కళ్ళజోడుందా?"

"అది లేకపోతే రెండడుగులు వెయ్యలేడు."

ఆ మాట ఇన్‌స్పెక్టర్ గుర్తుపెట్టుకున్నాడు. మందు మాట పట్టించుకోలేదు. అక్కడే పప్పులో కాలేశాడు.

"మీరు నిన్న సాయంత్రం ఈయన్ను చూశారా?" అని బేకరీ ఆయన్ను అడిగాడు.

"రోజూ కొట్టు కట్టేశాక వస్తాడు సార్, బొద్దింకల కోసం రొట్టె అంచులు పట్టుకెళ్ళడానికి. నిన్న రాలేదు. నీళ్ళ మీద జారి ఉంటాడు, పాపం. డ్రమ్ము పట్టుకుని ఆపుకోబోయి, దాన్నీ పడేసుకున్నాడు. ఆ పురుగులు వద్దన్నయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో."

*

పోస్ట్‌మార్టం రిపోర్టు జారిపడ్డాడన్న మాటను కొట్టేసింది. గాయం వెడల్పు ఎక్కువ. ఆ స్టాండు అంచు సన్నం. ఇంకేదో బరువైన ఇనుప అంచుకు బలంగా తగిలింది. దెబ్బ తగిలింది రాత్రి ఎనిమిది, తొమ్మిదిన్నరల మధ్య. వెంటనే ప్రాణం పోలేదు. రెండు, మూడు గంటలు కొట్టుకుంది.

హత్య.

పళ్ళ డాక్టరును పిలిచారు. "చేప చస్తే నీ సంగతి చూస్తా" అని ఆయన చేపలాయన్ను బెదిరించిన మాట నిజమే. కానీ ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆయన క్లినిక్కులో ఒకావిడ నోట్లో చేతులు పెట్టి ఉన్నాడు. ఆవిడ సాక్ష్యం చెప్పింది, వాచిన బుగ్గతోనే.

అప్పుడు బేకరీ ఆయన స్టేషనుకు వచ్చాడు. కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

"చెప్పకూడదనుకున్నా సార్. నా చేతుల్లో పెరిగిన పిల్ల. కానీ మనసొప్పుకోవడం లేదు. ఆ సాయంత్రం గొడవ వినపడింది. మధ్యలో ఒకటే గోడ, అదీ పల్చన. తర్వాత ధనామని చప్పుడు. తర్వాత ఆ పిల్ల గబగబా వెళ్ళిపోవడం చూశా."

ఇంకేం కావాలి? గొడవ పడింది ఆమె, తాళంచెవి ఉన్నది ఆమెకు, చివరగా చూసింది ఆమె. పైఆఫీసరు ఫోను చేసి, "రేపు కోర్టులో పెట్టండి, ఇంకా నాన్చకండి," అన్నాడు. సాయంత్రానికి కూతురు లాకప్పులో ఉంది.

"బేకరీ బాబాయ్ అలా చెప్పాడా?" అని ఒక్కసారే అడిగింది.

ఇన్‌స్పెక్టర్ తన ముందు ఫొటోలు పరుచుకున్నాడు. ఏదో తేడా కొడుతోంది. కళ్ళజోడు ఒకటి. ఇంకొకటేదో ఉంది, అందడం లేదు.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబుల్ ముఖం చిట్లించుకుంటూ వచ్చాడు.

"సార్, మన స్టేషనులో కూడా బొద్దింకలు మొదలయ్యాయి."

"మనతో పాటు అక్కణ్ణుంచి వచ్చుంటాయి."

"కాదు సార్, ఇక్కడివే. రికార్డు రూములో ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. ఇప్పుడన్నీ వచ్చి ఒకేచోట చేరాయి. ఆ రోజు బేకరీ ఆయన ఇచ్చిన బన్నుల పెట్టె లేదూ, పడేయకుండా మూలన పెట్టాం. అందులో."

"బన్ను ముక్కలున్నాయేమో."

"తుడిచిపెట్టుకు తిన్నాం కదా సార్, ఒక్క నలుసు లేదు."

ఇన్‌స్పెక్టర్ లేచి వెళ్ళి చూశాడు. పెట్టె అడుగున, అట్ట మడతల్లో, నల్లటి చిన్న చుక్కలు. మిరియాల పొడిలాగే. ఆ చుక్కల మీదే బొద్దింకలు ఒదిగి కూర్చున్నాయి.

ఆ పెట్టెలో ఉన్న బన్నులనే రెండు తిన్నాడాయన. లాఠీ కొనతో పెట్టె మూత మూసేశాడు.

తర్వాత ఫొటోల దగ్గరికి తిరిగి వచ్చాడు. ఈసారి అందింది.

*

కాలేజీలో పురుగుల శాస్త్రం చెప్పే ప్రొఫెసరమ్మ బొద్దింకను వేలి మీద ఎక్కించుకుని మాట్లాడింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మేడం, బొద్దింకలు గుంపుగా ఎందుకు చేరతాయి?"

"రెట్ట వాసనకి. ఒకటి ఎక్కడ రెట్ట వేస్తే మిగతావి అక్కడికి వస్తాయి. వాటికది పెళ్ళిపిలుపు."

"అట్ట మీద రెట్ట ఉంది. బొద్దింకలు లేవు. అలా ఉంటుందా?"

ఆవిడ బొద్దింకను సీసాలోకి జారవిడిచింది. "ఉండకూడదే. వాటికి మందేమైనా పెట్టారా?"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. మెట్ల మీద కూతురు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"యాంటీబయాటిక్. నెలరోజులు."

"అదీ సంగతి," అందావిడ. "ఆ వాసన తయారుచేసేది బొద్దింక కాదు సార్. దాని పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు. తిన్నదాన్ని అవి పులియబెడితే కొన్ని ఆమ్లాలు పుడతాయి. ఆ వాసనే పిలుపు. ఇల్లు బొద్దింకది, గొంతు అద్దెకున్నవాళ్ళది. మందు పెట్టి అద్దెవాళ్ళను ఖాళీ చేయించారనుకోండి, రెట్ట ఉంటుంది, పిలుపు ఉండదు. ఉన్నా వినీ వినపడనట్టు."

"మరి వాటికి వేరే బొద్దింకల పిలుపు వినపడుతుందా?"

"వినపడకేం? మూగవాళ్ళే, చెవిటివాళ్ళు కాదు. అట్టలు పాతవా, కొత్తవా? పాతవైతే మందుకు ముందు వేసిన రెట్ట ఉంటుంది, లెక్క తప్పుతుంది."

అక్కణ్ణుంచే స్టేషనుకు ఫోను చేశాడు. లాకప్పులోంచి కూతురి జవాబు వచ్చింది. మందు మొదలుపెట్టిన రోజే డ్రమ్ము కడిగి, అట్టలన్నీ మార్చింది.

ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి మూడు పొట్లాలు తీశాడు.

"కోర్టుకు మధ్యాహ్నం రెండు దాకా టైముంది మేడం. ఈలోగా తేల్చగలరా?"

*

పన్నెండున్నరకు అందరూ అక్వేరియం షాపు వెనకగదిలో ఉన్నారు. కూతురు, పక్కన మహిళా కానిస్టేబుల్. పళ్ళ డాక్టరు, ముక్కుకు రుమాలుతో. ప్రొఫెసరమ్మ, ఒళ్ళో నల్లగుడ్డ కప్పిన గాజుపెట్టెతో. బేకరీ ఆయన చివర వచ్చాడు. ఊరికే రాలేదు. ఒక ట్రే నిండా బన్నులు తెచ్చాడు.

"ఎండన పడి వచ్చుంటారు, తినండి సార్."

"అక్కడ పెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ ముట్టుకోలేదు.

ప్రొఫెసరమ్మ గుడ్డ తీసింది. పెట్టెలో మూడు మూలల్లో మూడు ముక్కలు. పొద్దున వదిలిన బొద్దింకలు. మొదటి ముక్క మీద ఒక్కటీ లేదు. మిగతా రెండూ కనపడనంతగా ముసురుకుని ఉన్నాయి.

"ఆ ఖాళీ ముక్క ఈ డ్రమ్ములోని గుడ్ల అట్టది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మందు తిన్న బొద్దింకల రెట్ట. అది ఎవర్నీ పిలవదు. అందుకే ఆ రోజు డ్రమ్ము దొర్లాక, ఇవి గదంతా చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. రెండోది చనిపోయినాయన చొక్కా వీపు ముక్క. గదిలో ఉన్న బొద్దింకలన్నీ సొంత ఇల్లు వదిలేసి దాని మీదికే చేరాయి. ఎందుకు?"

"రక్తం వాసనకు," అన్నాడు పళ్ళ డాక్టరు రుమాల్లోంచి.

"రక్తం తలకుంది. బొద్దింకలు వీపున ఉన్నాయి. ఆ చొక్కాకు వేరే బొద్దింకల రెట్ట అంటింది. మందు తినని బొద్దింకలది. ఈ గదిలో అలాంటిది లేదు. అంటే ఆయన ఈ గదిలో పడలేదు. ఇంకెక్కడో, ఏళ్ళతరబడి బొద్దింకలు కాపురమున్న చోట, వెల్లకిలా పడ్డాడు. తర్వాత ఇక్కడికి చేర్చారు."

కూతురు తలెత్తింది.

బేకరీ ఆయన చిన్నగా నవ్వాడు. "పురుగులు సాక్ష్యం చెప్పడం ఎక్కడైనా ఉందా సార్? మూడోదేంటి?"

"అదా? మీరు మాకు పంపిన బన్నుల పెట్టె."

తొట్లలో గాలిబుడగల చప్పుడు.

ఉన్నట్టుండి పక్కగోడ అవతల ఇనుము నేల మీద ఈడ్చుకుపోతున్న మోత. కరకరమని, పళ్ళు పులిసేలా.

"గోడ పల్చనన్నారు, నిజమే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మావాళ్ళు మీ ఓవెన్ జరుపుతున్నారు. సెర్చ్ వారెంటుంది."

బేకరీ ఆయన ముఖం మైదా రంగుకు తిరిగింది. మోత ఆగింది. అవతల ఎవరో డోకుతున్న శబ్దం. తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో ఒక కళ్ళజోడు. ఒక అద్దం పగిలింది. కాడ మీద ఒక పిల్ల బొద్దింక ఇంకా పాకుతోంది.

"ఓవెన్ అడుగున దొరికింది సార్. ఓవెన్ పీఠం ఇనుప అంచుకు రక్తం, వెంట్రుకలు ఉన్నాయి. ఓవెన్‌కూ గోడకూ మధ్య సందులో..." అతను కవరును ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. "సందు నిండా నల్లగా, బెత్తెడు మందాన పేరుకుంది సార్. పార పెడితే పెళ్ళలు పెళ్ళలుగా వస్తోంది. పైన అరలోనే పిండి బస్తాలు."

ఇన్‌స్పెక్టర్ బేకరీ ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మర్యాద అక్కడితో అయిపోయింది.

"రొట్టె అంచుల కోసం వచ్చాడు. సందులోకి వంగాడు. అది చూశాడు. ఏమన్నాడు నిన్ను?"

బేకరీ ఆయన ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకున్నాడు.

"బడి పిల్లలకు ఇదా పెడుతున్నావు అన్నాడు," అన్నాడు బేకరీ ఆయన. "రేపు పొద్దున్నే బడికెళ్ళి చెప్తానన్నాడు. ముప్పై ఏళ్ళ పేరు సార్. కాళ్ళు పట్టుకున్నా. వినలేదు. తోశాను, అంతే. చంపాలని కాదు."

"తర్వాత ట్రేల బండి మీద పడుకోబెట్టి తెచ్చావు. ఆయన జేబులో తాళంచెవితో తలుపు తీశావు. స్టాండుకు రక్తం పూశావు. డ్రమ్మెందుకు పడేశావు?"

"కిందికి దించుతుంటే... కాలరులోంచి రెండు బొద్దింకలు బయటికొచ్చాయి. మీరు చూస్తే మా బేకరీ వైపు వస్తారని భయమేసింది. డ్రమ్ము కనపడింది. ఇన్నిట్లో అవీ కలిసిపోతాయి కదా అనుకున్నా."

"ఎన్నింటికి తెచ్చావు?"

"తెల్లారుజామున."

"పడింది తొమ్మిదిన్నరలోపు. తెల్లారుజాము దాకా ఎక్కడున్నాడు?"

బేకరీ ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"అక్కడే. సందులో."

"నువ్వు?"

"ఆరింటికి బడి వ్యాను వస్తుంది సార్. పిండి కలపాలి."

"ఆయన బతికే ఉన్నాడు. మూలిగి ఉంటాడు. వినపడలేదా?"

"మిక్సర్ వేశాను," అన్నాడు. "మిక్సర్ వేస్తే ఏమీ వినపడదు."

పళ్ళ డాక్టరు రుమాలు తీసేసి గది బయటికి వెళ్ళిపోయాడు. ప్రొఫెసరమ్మ పెట్టె మీద గుడ్డ మళ్ళీ కప్పింది. బొద్దింకల్ని చూడలేక కాదు. ఇన్‌స్పెక్టర్‌కు అప్పుడు ఆ గదిలో బొద్దింకలున్నాయన్న ధ్యాసే లేదు. ఉన్న అసహ్యమంతా రెండు కాళ్ళ మీద, ఏప్రన్ కట్టుకుని, తన ఎదురుగానే నిలబడి ఉంది.

కూతురు మెల్లగా లేచింది. మహిళా కానిస్టేబుల్ ఆపలేదు. ఇక ఆపాల్సిన పని లేదు. బేకరీ ఆయనకు జానెడు దూరంలో నిలబడింది.

"బాబాయ్."

అతను ముఖమెత్తలేదు.

"ఆ పొద్దున నాకో బన్ను తినిపించావు. అది ఆ రాత్రి పిండేనా?"

అతని చూపు బన్నుల ట్రే మీద పడింది. ఆమెకు జవాబు అందింది.

సంకెళ్ళు పడ్డాయి. జీపు వెళ్ళిపోయింది. బన్నుల ట్రే అక్కడే మిగిలింది. అందరూ దాన్ని తప్పించుకుని నడిచారు.

కూతురు గది మూలన తొట్లు కడిగే కుళాయి విప్పి నోరు కడుక్కుంది. పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ దోసిట పట్టింది. మళ్ళీ ఉమ్మింది. వేలు పెట్టి నాలుక తోముకుంది. ఏడుపు రాలేదు. నీళ్ళు మాత్రం ఆపలేదు.

ఇన్‌స్పెక్టర్ తొందరపెట్టలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆమె వెనకే నిలబడ్డాడు. ఆ కుళాయి దగ్గర తర్వాతి వంతు ఆయనది.